మా తాత గుండె పరీక్ష

గుండె పరీక్ష అంటే మా తాతకు ఒకటే భయం. "వైర్లు తగిలించి కరెంటు పెడతారంట" అనేవాడు. ఆయనకు 64 ఏళ్లు. మాది ప్రత్తిపాడు వైపు. పత్తి తీతలు, మిరప కోతలు, కల్లంలో బస్తాలు మొయ్యడం, ఇదే ఆయన బతుకు. సంక్రాంతి సెలవుల్లో నేను చూశాను. బస్తా ఎత్తుకుని పది అడుగులు వేస్తాడు, ఆగుతాడు, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంటాడు. అడిగితే "మిరపకాయ ఘాటురా, కాస్త గ్యాసు కూడా" అన్నాడు.

మా ఊళ్లో ఏఎన్ఎం గారు బీపీ చూసి, గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. నేను తోడు పొయ్యాను.

మొదట ఇ.సి.జి. తీశారు. రొమ్ము మీద 6, కాళ్లకు చేతులకు 4, మొత్తం 10 చోట్ల వైర్లు అంటించారు. తాత కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏమీ కాలేదు! ఎందుకంటే ఆ మిషను మనకు కరెంటు పెట్టదు. గుండె కొట్టుకునే ప్రతిసారీ దానిలోనే చాలా చిన్న కరెంటు పుడుతుంది. మిషను దాన్ని పట్టుకుని కాగితం మీద గీస్తుంది, అంతే. దీనిమీద చేసిన పనికి హాలెండు శాస్త్రవేత్త ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ కాగితంతో మనం లెక్క కూడా చెయ్యొచ్చు. మామూలుగా ఒక పెద్ద గడి అంటే 0.2 సెకను. రెండు శిఖరాల మధ్య ఎన్ని పెద్ద గడులు ఉన్నాయో లెక్కపెట్టి, 300ని దానితో భాగించాలి. తాతకు 4 గడులు. అంటే నిమిషానికి 75 సార్లు. 60 నుంచి 100 దాకా మామూలే.

ఇ.సి.జి. బాగానే ఉంది. డాక్టరు గారు "నొప్పేమైనా వస్తుందా పెద్దాయనా?" అని అడిగారు. తాత "ఏమీ లేదు సారూ" అన్నాడు. నాకు తెలుసు ఎందుకన్నాడో. గుండె జబ్బని తెలిస్తే ముఠా మేస్త్రి పనికి పిలవడు. నేను ఊరుకోలేక "బస్తా మోస్తే ఆగి ఆగి వస్తాడు సారూ" అని చెప్పేశాను. తాత నావంక కోపంగా చూశాడు.

డాక్టరు గారు మాత్రం వివరంగా చెప్పారు. పడుకుని ఉన్నప్పుడు గుండెకు పని తక్కువ. మోటారు ఖాళీగా తిరిగితే బాగానే ఉంటుంది, నీళ్లు ఎత్తిపోసేటప్పుడే దాని సంగతి తెలుస్తుంది. అందుకే నడిపించి చూస్తారు. అదే ట్రెడ్‌మిల్ పరీక్ష. కదిలే పట్టా మీద నడవాలి. సాధారణంగా 3 నిమిషాలకొకసారి వేగం, ఎత్తు పెంచుతారు. పక్కనే ఇ.సి.జి. గీస్తూ, బీపీ చూస్తూ ఉంటారు. నొప్పి వస్తే వెంటనే చెప్పాలి, ఆపేస్తారు. మోకాళ్ల నొప్పులతో నడవలేని ముసలివాళ్లకు మందుతో గుండె వేగం పెంచి చూసే పద్ధతి కూడా ఉంది.

ఎకో అని ఇంకొకటి చేశారు. మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో గుండె బొమ్మ చూస్తారు. గబ్బిలం దారి తెలుసుకునే పద్ధతే. నొప్పి ఉండదు.

తాత ట్రెడ్‌మిల్ మీద రెండో మెట్టులోనే ఆగిపొయ్యాడు. గీతలు కూడా మారాయి. తర్వాత ఆంజియోగ్రాం చేశారు. మణికట్టు దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, రంగు మందు వదిలి, ఎక్స్‌రేలో చూశారు. డ్రిప్పు పైపు పూడుకుపోయినట్టు ఒక రక్తనాళం సన్నబడి ఉంది. అక్కడ స్టెంటు వేశారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కిందే జరిగింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఇదే పెద్దాసుపత్రిలో 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారి బృందం గుండె మార్పిడే చేసింది. అంత పెద్ద వైద్యం మన దగ్గరుంది. కానీ నొప్పిని దాచుకున్నవాడికి ఏ మిషనూ పనికిరాదు.

ఇప్పుడు తాత బస్తాలు మొయ్యడు. కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరుతాడు. కూలి తక్కువ. అప్పుడప్పుడు "నువ్వు చెప్పకపోతే బాగుండేదిరా" అంటాడు. నేను మాట్లాడను. సాయంత్రం ఆయన పక్కన కూర్చుంటాను.

మిత్రులారా, ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ తాతను, నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. నడిస్తే ఆయాసమా? రొమ్ము బిగుతా? ఎడమ చెయ్యి, దవడ లాగుతాయా? షుగరు ఉన్నవాళ్లకు నొప్పి రాకుండా ఆయాసమే రావచ్చు. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు ఉంటే ఇంక ఆలోచించొద్దు, 108కి ఫోను చెయ్యండి. డాక్టరు దగ్గర వాళ్లు "ఏమీ లేదు" అంటే, మీరు చూసింది మీరు చెప్పండి. కోప్పడితే పడనివ్వండి.

— 9వ తరగతి విద్యార్థి