పాఠంలో మన ఊరెక్కడ?

‘తాతా, నీ చిన్నప్పుడు మునగాల ఏ జిల్లా?’ సూర్యాపేట జిల్లాలోని ఈ ఊళ్లో అలా అడిగిన పిల్లలకు వచ్చే జవాబు... కృష్ణా జిల్లా!

అవును. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్‌వారి ఏలుబడిలోని జమీందారీ ముక్క. అదే మునగాల పరగణా. పొలిమేర దాటితే రూపాయి కూడా మారిపోయేది. ఇక్కడ కలదారు, అక్కడ హాలీ సిక్కా.

తెలుగువాళ్లకు తమ చరిత్ర తమ భాషలో చదివే భాగ్యం దక్కడంలో ఈ చిన్న సంస్థానానికి పెద్ద వాటానే ఉంది. ఇక్కడి దివాను కొమర్రాజు లక్ష్మణరావు. జమీందారు నాయని వెంకట రంగారావు అండ ఆయనకుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిందన్నా, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైందన్నా వీరి చలవే. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ను అచ్చువేసింది ఆ మండలే.

మరి ఆ చరిత్రలో ఎవరి వాటా ఎంత? తెలంగాణ విద్యార్థులను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. 1969లో కొలువుల కోసం, రక్షణల కోసం రోడ్డెక్కారు. 2009 చివర్లో ఉస్మానియా మళ్లీ భగ్గుమంది. మా యాస, మా పండుగలు, మా వీరులు పుస్తకాల్లో ఏరీ అన్న ఆవేదనా ఆ పోరులో కలిసింది. 2014లో రాష్ట్రం వచ్చాక పదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఉద్యమమే ఓ పాఠమైంది. గ్రూప్‌-2 పరీక్షలో ఏకంగా ఓ పేపరైంది.

ఇలాంటి పోరు మనదొక్కటే కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌ కళాశాల విద్యార్థులు 1968 నవంబరులో సమ్మెకు దిగారు. నల్లజాతి, ఆసియా, లాటిన్‌ మూలాలవారి చరిత్ర చెప్పాలని పట్టుబట్టి 1969లో అందుకు ప్రత్యేక విభాగం సాధించారు. కానీ గెలుపు శాశ్వతం కాదు. అరిజోనాలోని టుసాన్‌ బడుల్లో మెక్సికన్‌ అమెరికన్ల పాఠాలు 2010 నాటి చట్టం దెబ్బకు 2012లో ఆగిపోయాయి. అది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పేసరికి 2017 వచ్చింది!

పుస్తకంలో చోటు దక్కడం ఒక ఎత్తు, ఆ చోటులో అందరూ ఇమడడం మరో ఎత్తు. జమీందారు మీద 1930ల్లో తిరగబడిన మునగాల రైతుల కథనే చూడండి. అది నిజాం మీద పోరు కాదు, అలాగని కోస్తా కథా కాదు. అటూ ఇటూ కాని ఇలాంటి ఊళ్లు పెద్ద పాఠంలో సులువుగా జారిపోతాయి.

అందుకే తాతను అడిగే ఆ ప్రశ్న చిన్నదేం కాదు. ఒకనాడు విద్యార్థులు వీధుల్లో అడిగింది కూడా అదే మరి... పాఠంలో మేమెక్కడ అని!