నూనెరంగుపై నీటి వార్నిషు

కొయ్య నార కనబడునట్లు లోని కింకెడు నూనెరంగు మన వడ్రంగులకు తెలిసినదే. దానిపై పూయుటకు నేడు నీటితో చేసిన వార్నిషులు దొరకుచున్నవి. వీనికి ఘాటు తక్కువ, త్వరగా నాఱును, కుంచెను నీటితోనే కడుగవచ్చును. అయితే వీనిని నూనెరంగుపై పూయుటయం దొక మెలకువ గలదు. అది పాటింపక నేను నష్టపడితిని.

వానకాలమున మా యింటి టేకు తలుపునకు సాయంకాలము నూనెరంగు పూయించి, మఱునాటి యుదయముననే నీటి వార్నిషు వేయింపఁ బూనితిని. "వారము దినము లాగుదమండి" అని వడ్రంగి చెప్పెను. ఇంట శుభకార్యము దగ్గఱపడినదని నేను వినలేదు. పూసిన వార్నిషు తామరాకుపై నీటివలె బొట్లుబొట్లుగా విడిపోయెను. ఆఱిన పిదప గోటితో గీఱినంతనే పొరలుగా నూడివచ్చెను.

దీనికి కారణ మేమి? నీరు ఆవిరియై పోయి యాఱును. అవిసెనూనె యట్లు కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. చలిలోను తేమలోను మఱింత యాలస్యమగును. చేతి కంటకున్నను లోపల పచ్చిగా నుండవచ్చును. పచ్చినూనెను నీరు పట్టుకొనదు గదా!

కావున రంగు పూసిన కొంతసేపటికి, ఇంకక మిగిలిన నూనెను తుడిచివేయవలెను. పొడి దినములలో మూడు రోజులైనను, వానలలో వారము లేక అంతకంటె నెక్కువయైనను ఆగవలెను. పిదప తెల్లని గుడ్డతో రుద్ది చూడుడు. రంగంటినచో ఇంకను పచ్చియే. ముందుగా కనబడని మూలను కొంచెము పూసి పరీక్షించుట మేలు. వాన తగులని లోపలి కొయ్య కైనచో, మైనము తీసిన లక్కను స్పిరిటులో కరగించి, ఆఱిన రంగుపై నడుమ నొక పలుచని పూత వేయవచ్చును. అది రెంటిని పట్టి యుంచును. మైనమున్న లక్క మాత్రము పనికిరాదు.

మఱియొక మాట; ఇది ప్రాణములకు సంబంధించినది. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేయకుడు. గట్టిపడునపుడు నూనె వేడిని పుట్టించును. కుప్పలో నా వేడి వెలికి పోలేక, అగ్గిపుల్ల లేకయే నిప్పంటుకొనవచ్చును. వానిని విప్పి, ఆరుబయట ఒక్కొక్కటిగా ఆఱవేయవలెను.

మా తలుపును గీకించి మరల రంగు వేయించితిమి. ఈ మాఱు వడ్రంగి చెప్పినన్ని దినములు ఆగితిని. శుభకార్యమునాఁడు మాత్రము బంధువులు సగము గీకిన తలుపునుండియే లోపలికి వచ్చిరి.