పాస్‌పోర్ట్ ఇంకా పాత జిల్లాలోనే ఉంది!

పదేళ్ల కిందట తీసుకున్న పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడుతోందా? అయితే ముందు చూసుకోవాల్సింది తేదీ ఒక్కటే కాదు, చివరి పేజీలోని అడ్రస్ కూడా. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లయితే ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

స్టాండప్ మీటింగ్ నడుస్తోంది. ఫోన్ మోగింది. తెలియని నంబర్. కట్ చేశా. మళ్లీ మోగింది. క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లే అయి ఉంటారనుకుని మళ్లీ కట్ చేశా. మూడోసారి ఫోన్ సైలెంట్‌లో పెట్టేశా. అది క్రెడిట్ కార్డు వాళ్లు కాదని పది రోజుల తర్వాత తెలిసింది. పోలీస్ వెరిఫికేషన్ కోసం మా ఊరికి వెళ్లిన కానిస్టేబుల్ ఆయన.

మా ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మ, నాయిన పొలం దగ్గర ఉన్నారు. పక్కింటి పెద్దమ్మ ఉన్న మాటే చెప్పింది. ‘‘పిలగాడు ఈడ ఉండడు సార్, హైదరాబాద్‌ల ఉంటడు. పండక్కే వస్తడు.’’ అందులో అబద్ధం లేదు. కానీ నా అప్లికేషన్‌లో ‘ప్రస్తుత చిరునామా’ అన్నచోట ఉన్నది ఆ ఊరే. రిపోర్టులో ‘ఆ చిరునామాలో లేరు’ అని పడింది. ఫైలు అక్కడ ఆగిపోయింది.

ఇదంతా 2025 వేసవి ముచ్చట. ఆఫీసులో సింగపూర్ ప్రాజెక్టుకు పేర్లు అడిగారు. నా పాస్‌పోర్ట్ 2015 ఆగస్టులో వచ్చింది కాబట్టి ఇంకా నెలలు ఉన్నాయనే ధీమాలో ఉన్నా. హెచ్‌ఆర్ ఒక్క మాటతో ఆ ధీమా పోయింది. సింగపూర్, థాయ్‌లాండ్, మలేసియా, యూఏఈ లాంటి చాలా దేశాలు అక్కడ దిగేనాటికి పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు ఉండాలంటాయి. అంటే పదేళ్ల పాస్‌పోర్ట్ ఆ ప్రయాణాలకు పనికొచ్చేది తొమ్మిదిన్నరేళ్లే. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే కొత్తదానికి అప్లై చేసుకునే వీలుంది. నాకది తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

రెన్యువల్ కాదు, రీఇష్యూ

మనం రెన్యువల్ అని పిలిచేదానికి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో పేరు ‘రీఇష్యూ’. ఇది పాత పుస్తకంలో తేదీ పొడిగించి ఇచ్చేయడం కాదు. కొత్త నంబరుతో కొత్త పుస్తకం వస్తుంది. అందుకోసం మీరెవరో, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో మళ్లీ అడుగుతారు. మొదటి ప్రశ్నకు పాత పాస్‌పోర్టే జవాబు. మన తరానికి చిక్కంతా రెండో ప్రశ్నతోనే. ఆధార్ ఊళ్లో ఉంటుంది, మనిషి కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటాడు, బ్యాంకు ఖాతాలో కాలేజీ రోజుల అడ్రస్ ఉంటుంది.

ఫీజు పెద్ద లెక్క కాదు. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు, 60 పేజీలదానికి 2000. తత్కాల్ అయితే మరో 2000 కలుస్తుంది. పాత పాస్‌పోర్ట్ ఒరిజినల్, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సులు, అడ్రస్ ప్రూఫ్ చాలు. పని తేలికే. అందుకే తేలిగ్గా తీసుకుని దెబ్బతింటాం.

జిల్లా మారింది, ఊరు మారలేదు

నా పాత పాస్‌పోర్ట్ చివరి పేజీలో మా ఊరు, మండలం, పక్కన ‘నల్లగొండ జిల్లా’ అని ఉంది. 2015లో అది నిజమే. 2016 అక్టోబర్ 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. తుంగతుర్తి వైపు ఉన్న మా ఊరు సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది.

పాలమూరు సంగతి ఇంకా పెద్దది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయ్యింది. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది. అంటే 2016కు ముందు ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని పాస్‌పోర్ట్ తీసుకున్న గద్వాల అమ్మాయి, కొల్లాపూర్ అబ్బాయి, మక్తల్ అన్న ఇప్పుడు మూడు వేర్వేరు జిల్లాల వాళ్లు. 2014 జూన్ 2కు ముందు తీసుకున్నవాళ్ల చిరునామాలో అయితే రాష్ట్రమే ఆంధ్రప్రదేశ్.

పిన్‌కోడ్‌లు మాత్రం మారలేదు. సూర్యాపేటకు ఇప్పటికీ 508తో మొదలయ్యేదే, గద్వాలకు 509తో మొదలయ్యేదే. దాంతో ఉత్తరాలు ఆగకుండా వస్తుంటాయి, మనకు తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటా మైగ్రేషన్ సగంలో ఆగిపోయినట్టు. ఒక టేబుల్‌లో కొత్త జిల్లా, ఇంకో టేబుల్‌లో పాత జిల్లా.

ఇది పాస్‌పోర్ట్‌కు ఎందుకు ముఖ్యమంటే, అప్లికేషన్‌లో మీరు ఎంచుకునే జిల్లా, పోలీస్ స్టేషన్ ఆధారంగానే ఫైలు వెరిఫికేషన్‌కు వెళ్తుంది. అలవాటుకొద్దీ పాత జిల్లా ఎంచుకుంటే ఫైలు మీ ఊరితో సంబంధం లేని పోలీసుల దగ్గరికి పోతుంది. వాళ్లు ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపాలి, అది మళ్లీ మొదటి నుంచి తిరగాలి. మనం మాత్రం ఫోన్‌లో స్టేటస్ చూస్తూ ‘ఆఫీసులో తొక్కిపెట్టారు’ అనుకుంటాం.

కాబట్టి స్లాట్ బుక్ చేయకముందే ఆధార్ తీసి జిల్లా పేరు చూడండి. పాతదే ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి. పాస్‌పోర్ట్‌లోని అడ్రస్‌కూ ఇప్పటి అడ్రస్‌కూ తేడా ఉంటే రీఇష్యూ కారణాల్లో గడువు ముగియడంతో పాటు వివరాల మార్పు కూడా ఎంచుకోవాలి. అనుమానం ఉంటే 1800-258-1800 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి అడగండి. పది నిమిషాల ఫోన్ చాలా రోజుల తిరుగుడు తప్పిస్తుంది.

స్లాట్ ఎక్కడైనా, పోలీసులు అడ్రస్‌కే

2015లో నేను పాస్‌పోర్ట్ కోసం హైదరాబాద్ బస్సెక్కా. అప్పుడు నల్లగొండలో కేంద్రం లేదు. 2017 జనవరిలో మైసూరు, దాహోద్ పోస్టాఫీసుల్లో పాస్‌పోర్ట్ సేవలు మొదలుపెట్టి తర్వాత దేశమంతా విస్తరించారు. అలా మహబూబ్‌నగర్‌కూ, నల్లగొండకూ పోస్టాఫీస్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు వచ్చాయి. 2018 జూన్‌లో ఇంకో సౌకర్యం కలిసింది. దేశంలో ఎక్కడి నుంచైనా అప్లై చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో స్లాట్లు దొరకని రోజుల్లో సిటీ టెకీలు వంద కిలోమీటర్ల దూరంలోని మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో ప్రయత్నించడానికి కారణం ఇదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్లాట్ ఎక్కడ తీసుకున్నా వెరిఫికేషన్ జరిగేది ఫారంలో రాసిన అడ్రస్‌లోనే. స్పీడ్‌పోస్ట్ వచ్చేదీ అక్కడికే. మహబూబ్‌నగర్‌లో వేలిముద్రలు ఇచ్చినంత మాత్రాన మహబూబ్‌నగర్ పోలీసులు రారు.

మరి ఊరి అడ్రస్ రాయాలా, సిటీ అడ్రస్ రాయాలా? నిజంగా ఉంటున్నదే రాయాలి. పాస్‌పోర్ట్ కోసం తప్పుడు సమాచారం ఇవ్వడం 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం నేరం. హాస్టల్ వాళ్లకు ప్రూఫ్ దొరకడమే కష్టం. రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం, వాడుకలో ఉన్న ఖాతాకు ఫొటోతో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో అడ్రస్ మార్పు, వీటిలో మీకు కుదిరేదేదో రెండు నెలల ముందే చూసుకోవాలి. నేను ‘ఆధార్‌లో ఊరి అడ్రస్సే ఉంది కదా’ అని బద్ధకించా. ఆ బద్ధకం ఖరీదు సింగపూర్ మొదటి బ్యాచ్.

ఫైలు ఎక్కడ ఆగుతుంది?

పెద్ద పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు ఉంటాయి. ఏలో కాగితాలు స్కాన్ చేసి ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. బీలో అధికారి పత్రాలు పరిశీలిస్తారు. సీలో నిర్ణయం చెబుతారు. పోస్టాఫీసు కేంద్రంలో ఇచ్చిన ఫైలుకు తుది ఆమోదం ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం నుంచి రావాలి. మనకది సికింద్రాబాద్‌లో ఉంది. అందుకే అక్కడ అప్లై చేసినవాళ్లకు ‘కార్యాలయ పరిశీలనలో ఉంది’ అని కనిపిస్తే వెంటనే కంగారుపడక్కర్లేదు.

తర్వాత పోలీస్ వెరిఫికేషన్. అది పాస్‌పోర్ట్ రాకముందు జరగాలా, వచ్చాక జరగాలా, అసలు అక్కర్లేదా అన్నది అధికారి నిర్ణయిస్తారు. తెలంగాణ పోలీసులకు ఈ పనిలో మంచి పేరుంది. ‘వెరిఫాస్ట్’ అనే యాప్‌తో ఇంటికి వచ్చి అక్కడికక్కడే వివరాలు ఎక్కిస్తారు. వాళ్ల వేగం మనకు ఉపయోగపడాలంటే మనం ఫోన్ ఎత్తాలి. అప్లై చేసిన రోజు నుంచి తెలియని నంబర్లన్నీ ఎత్తండి. ఇంట్లో వాళ్లకు, పక్కింటి వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. ఈ వెరిఫికేషన్‌కు విడిగా ఫీజేమీ లేదు. ‘ఖర్చులకు’ అని ఎవరడిగినా ఇవ్వాల్సిన పని లేదు.

క్రిమినల్ కేసు నడుస్తుంటే మాత్రం దాచొద్దు. కోర్టు అనుమతి అవసరం కావచ్చు. దాచిన కేసు వెరిఫికేషన్‌లో బయటపడితే ఆలస్యంతో పోయేది పెద్ద తలనొప్పి అవుతుంది.

రిపోర్టు తేడాగా వస్తే కథ అక్కడితో ముగిసిపోదు. కార్యాలయం వివరణ అడుగుతుంది. నాకూ నోటీసు వచ్చింది, అదీ ఊరికే వెళ్లింది. నాయిన వాట్సాప్‌లో ఫొటో తీసి పంపేసరికి ఇంకో వారం పోయింది. ఫైల్ నంబర్ వేసి, ఉన్నది ఉన్నట్టు రాసి, ప్రూఫులు జతచేసి ఇచ్చా. మళ్లీ వెరిఫికేషన్ పెట్టారు. ఈసారి ఫోన్ మొదటి రింగుకే ఎత్తా. ‘‘సార్, ఎక్కడున్నరు?’’ అని అడిగారు. ‘‘మీరు చెప్పిన టైంకు ఇంటి దగ్గరే ఉంట సార్’’ అన్నా.

అడగడానికి మొహమాటం వద్దు. విదేశాలకు వెళ్లే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాస్‌పోర్ట్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. అయితే అడిగేటప్పుడు చేతిలో కోపం కంటే ఫైల్ నంబర్, తేదీలు ఉంటే పని త్వరగా అవుతుంది.

ఇంటిపేరు కూడా చూసుకోండి

అడ్రస్ తర్వాత ఎక్కువమందిని ఆపేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. మన ఇళ్లలో ఇది మామూలే. కానీ 2022 నవంబర్ నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్, టూరిస్ట్ వీసాల మీద యూఏఈకి రానివ్వడం లేదు. రీఇష్యూ సమయమే దీన్ని సరిచేసుకునే అవకాశం. మార్చాలనుకుంటే మిగతా పత్రాలన్నీ అదే పేరుకు తెచ్చుకున్నాకే అప్లై చేయండి.

అమెరికాలో ఉన్న అన్నలు, అక్కలు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. వీసా మూడేళ్లు ఉన్నా, పాస్‌పోర్ట్ ఏడాదిలో ముగుస్తుంటే ఎయిర్‌పోర్టులో ఐ-94ను పాస్‌పోర్ట్ గడువు వరకే ఇస్తుంటారు. దిగాక ఆ తేదీ చూసుకోకపోతే తెలియకుండానే గడువు దాటిపోతారు. పాత పాస్‌పోర్ట్‌లో వీసా ఇంకా చెల్లుతుంటే మాత్రం భయం లేదు, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని ప్రయాణించవచ్చు.

తత్కాల్ మంత్రం కాదు

చాలామంది ‘తత్కాల్ ఉంది కదా’ అనుకుంటారు. వెరిఫికేషన్‌ను తర్వాతకు వాయిదా వేసి పుస్తకం త్వరగా ఇవ్వడమే తత్కాల్ సంగతి. కాగితాలు పొసగకపోతే తత్కాల్ ఫైలు కూడా ఆగుతుంది. పైగా తర్వాత వచ్చే పోలీసులకు మీరు దొరకాల్సిందే. అలాగే గూగుల్‌లో వెతికితే పాస్‌పోర్ట్ పేరుతో డబ్బులు లాగే నకిలీ సైట్లు కనిపిస్తాయి. అసలు సైట్ పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ ఒక్కటే. ఫోన్‌లో అయితే ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్.

చివరికి నా పాస్‌పోర్ట్ స్పీడ్‌పోస్ట్‌లో ఊరికి వచ్చింది. అట్ట మీద చిన్న బంగారు గుర్తు, లోపల చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్ట్. అందుకోవడానికి ఐడీ కార్డు పట్టుకుని నేనే వెళ్లా. నాయిన కళ్లద్దాలు పెట్టుకుని చివరి పేజీ కూడబలుక్కుని చదివాడు. ‘‘సూర్యాపేట జిల్లానా? మనది నల్లగొండ కాదురా?’’

‘‘నల్లగొండే నాయినా. కాగితం మీద మాత్రం తొమ్మిదేండ్ల కిందనే మారింది. నేనే చూసుకోలే.’’

మీ పాస్‌పోర్ట్ బీరువాలోనే ఉంటే ఇవాళే తీయండి. ముందు గడువు తేదీ చూడండి, తర్వాత చివరి పేజీ తిప్పి జిల్లా పేరు చూడండి.