ఊరూర తిరుగు పియానో ట్యూనరు

వీణను శ్రుతి చేసికొనువాడు వైణికుడే. తంబురా తీగె సడలినచో గాయకుడే బిరడను త్రిప్పి సవరించుకొనును. వాయులీన విద్వాంసుడు కచేరీ నడుమ సైతము క్షణమాత్ర మాగి, తన తీగెను తానే సరిచేసికొని, మరల కీర్తన నందుకొనును. పియానో విషయమున మాత్రము వాయించువా డొకడు, శ్రుతి చేయువా డొకడు. సుమారు 230 ఉక్కుతీగెలు, ఒక్కొక్కటి 70, 80 కిలోల బరువును మోయుచున్నంత బిగువుతో, అన్నియు కలిసి 18 టన్నులకు దగ్గరగు ఒత్తిడిని పోత ఇనుప చట్రముపై నిలుపుచుండగా, ఆ తీగెల బిరడలను రవంత త్రిప్పి, త్రిప్పినచోటనే నిలుచునట్లు కుదుర్చుట ఏండ్ల తరబడి అభ్యసింపవలసిన విద్య. సామాన్యమైన నిలువు పియానోయే 200 కిలోలకు పైగా తూగును గావున, అది బాగుచేయించుకొనుటకై అంగడికి రాజాలదు. విద్య నెరిగినవాడే తన పనిముట్లను పెట్టెలో సర్దుకొని, వాద్యమున్న చోటికి పోవలయును.

మన దేశమునకు పియానో తెల్లదొరలతో వచ్చి, కలకత్తా, మదరాసు, బొంబాయి రేవులలో దిగి, అచ్చటినుండి మిషను పాఠశాలలకును, చర్చిలకును, కొండపై విడుదులకును, సంపన్నుల హాళ్ళకును, తదుపరి సినిమా స్టూడియోలకును వ్యాపించినది. మదరాసులో 1842 నాటిదైన మ్యూసీ మ్యూజికల్ వంటి అంగళ్ళు ఆ మహానగరములందే నిలిచిపోవుటచే, పనివాడు ఒకచోటను, పియానో వేరొకచోటను ఉండుట మొదటినుండియు రివాజయినది. పాత తెలుగు చిత్రములలో విశాలమైన హాలునందు పియానో ముందు కూర్చుండి నాయకుడు పాట పాడుట మనమందర మెరిగిన దృశ్యమే. ఐనను నిజజీవితమున అట్టి ఇండ్లు బహు కొద్ది, ఉన్నవియు ఒకదానికొకటి ఎంతో దూరము.

పిలుపు సాధారణముగా ఫోనులో వచ్చును. "రెండు మెట్లు పలుకుట లేదండీ" అని గృహస్థు చెప్పును. ఆ రెండు మెట్లు వానకాలపు చెమ్మకు ఉబ్బి బిగిసికొనెనో, అడుగున పెన్సిలు ముక్కయో నాణెమో చిక్కుకొనెనో, ఎలుకలు లోపల గూడు కట్టి ఫెల్టును కొరికివేసెనో, చెదలు చట్రము వెనుకటి కొయ్యను తినివేసెనో, మూత తెరచి చూచువరకు తెలియదు. తెలియనిదానికి సిద్ధపడి బయలుదేరుటయే ఈ వృత్తిలోని తొలి కష్టము. శ్రుతి మీట, ఉన్ని ఆపులు, ట్యూనింగు ఫోర్కు, సుత్తుల ఫెల్టును మెత్తపరచు సూదులు, జిగురు, పలు మందముల ఉక్కుతీగె చుట్టలు, పాత బిరడకంటె ఒక వాసి లావైన బిరడలు, ఇవన్నియు కొనిపోవలెను. విమానమున పోయినచో ఆ మీటను, స్క్రూడ్రైవరులను భద్రతాధికారులు చేతిసంచిలో రానీయరు గావున, సామానుతో లోపలికి పంపి, అది తనతోపాటే దిగునని నమ్మవలసియుండును. ఎంత తెచ్చినను రాగిచుట్టుగల మంద్రస్థాయి తీగెలను మాత్రము తేజాలడు. అవి ఏ పియానోకు ఆ పియానో కొలతతో చేయబడునవి. అట్టి తీగె తెగినచో, చేతనైనవాడు ముడివేసి ప్రస్తుతమునకు నిలుపును; లేనిచో దాని తునకను కొలతకై తీసికొనిపోయి, క్రొత్తది చేయించి, మరల రావలయును.

పని మొదలిడిన పిమ్మట కావలసినది నిశ్శబ్దము. శ్రుతి చేయుట యనగా, రెండు స్వరములు కలిసి మ్రోగునపుడు వానిమధ్య పుట్టు అలల లెక్కను చెవితో పట్టుట. ఒక తీగె సెకనునకు 440 మారులును, దాని జత 441 మారులును కంపించినచో, ధ్వని సెకనునకొక మారు ఉబ్బి తగ్గును. పియానో నడిమి భాగమున కొన్ని స్వరాంతరములలో ఈ అలలు సెకనునకు ఏడెనిమిది వరకు ఉండునట్లు దిద్దవలయును. మన ఇండ్లలో తలపై తిరుగు ఫ్యాను రెక్కలు నాదమును ఖండించి, తమ అలలను దానిలో కలుపుటచే, ఏది తీగెదో ఏది గాలిదో చెవికి తెలియకపోవును. కావున ఫ్యాను ఆపవలసినదే. వైశాఖమాసమున విశాఖపట్టణమునందు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, రెండు గంటలు కూర్చుండి చూచినగాని ఆ శ్రమ తెలియదు. చేతిచెమట తీగెపై పడినచో త్రుప్పు పట్టును గావున, మాటిమాటికి చేతులు తుడుచుకొనుట వేరొక పని. ఇంతలో వంటయింట కుక్కరు కూత, వీధిలో లౌడుస్పీకరు, "ఇంకెంతసేపండీ" అను ప్రశ్న.

నా ఉద్దేశమున ఇన్నింటికన్న కఠినమైనది వేరొకటి కలదు. ఏండ్ల కొలది ఎవరును ముట్టని పియానో తరచు ప్రామాణిక శ్రుతికి అరస్వరము క్రిందికి జారియుండును. దానిని పైకెత్తవలెనన్నచో ప్రతి తీగె బిగువును ఎనిమిదవ వంతుకు దగ్గరగా పెంచవలయును, అనగా చట్రముపై రమారమి రెండు టన్నుల క్రొత్తభారము. ఒక ప్రక్క బిగించుచుండగా సౌండ్ బోర్డు అను పలుచని పలక అణగి, అంతకుముందు కుదిర్చిన తీగెలు మరల సడలును. కావున మొదట మోటుగా, కొంచెము హెచ్చుగనే బిగించి, పిమ్మట సూక్ష్మముగా శ్రుతి చేయవలెను. త్రుప్పు పట్టిన తీగెను ముందుగ రవంత దించి, త్రుప్పు పట్టు విడిపించి, తరువాతనే పైకి లాగవలెను. ఐనను కొన్ని తెగును. ఇంత చేసిన పిదపను ఆ వాద్యము కొన్ని వారములు కుదురుకొనక జారుచునే యుండును గావున, మరల వచ్చి సరిచేసిననే ఆ పని పూర్తియగును. ఊరిలోనివానికి ఇది సులభము. దూరపు ట్యూనరునకు సాయంత్రపు రైలు కలదు. అందుచే ఆతడు, శ్రుతి పైకెత్తి సగములో విడిచిపోవుటయా, ఉన్న శ్రుతియందే తీగెలను పరస్పరము కలిపి ఉంచుటయా అను ధర్మసంకటమున పడును. ఒంటరిగా వాయించుకొను పిల్లలకు రెండవ మార్గము చాలును. తోడుగా వేణువో వయొలినో పలుకవలసినచో అది చాలదు. ఈ నిర్ణయమును యజమానికి విప్పి చెప్పి, ఆతని చేతనే చేయించువానిని నేను ఉత్తముడైన పనివాడందును.

ఋతువులును ఆతనికి ఎదురు నిలుచును. వానకాలమున సౌండ్ బోర్డు చెమ్మ పీల్చి ఉబ్బగా నాదము హెచ్చును. హైదరాబాదు వంటి పీఠభూమి నగరమున ఎండకాలపు పొడిగాలికి అదే వాద్యము దిగును, బిరడలు నాటిన కొయ్య ఎండి పట్టు విడుచును. ఉదయము ఉక్కలో ట్యూనరు శ్రుతి చేసిపోయిన పిమ్మట, సాయంత్రము జనము వచ్చు వేళకు ఏసీ వేసినచో, ఆతని శ్రమ కచేరీ మొదలగుటకు ముందే చెదరిపోవును.

ఈ విద్యకు శాస్త్రరూప మిచ్చినవారిలో పారిసు నగరవాసి క్లాడ్ మోంటాల్ ముఖ్యుడు. ఆతడు బాల్యముననే చూపు కోల్పోయి, అంధ బాలుర విద్యాలయమున చదివి, అచ్చటనే ఉపాధ్యాయుడై, పాత పియానోను విప్పి బిగించి పని నేర్చుకొని, 1836లో శ్రుతివిద్యపై గ్రంథము రచించెను. తరువాత ఐరోపాలో పెక్కు అంధవిద్యాలయములు ఈ పనిని జీవనోపాధిగా నేర్పినవి. చూపులేని మనుష్యులు తెలియని వీధులవెంట, తెలియని మేడమెట్లెక్కి, తెలియని వాద్యములను చేతితో తడవి బాగుచేసిరన్న సంగతి తలచినపుడు నా మనస్సు భక్తితో నిండును. 1986లో పియానో విద్వాంసుడగు హోరోవిట్జ్ ఆరు దశాబ్దముల తరువాత మాస్కోలో కచేరీ చేయబోవుచు తన స్వంత పియానోను, దానితోపాటు స్టైన్వే సంస్థ సాంకేతికుడగు ఫ్రాంజ్ మోర్‌ను వెంటగొనిపోయెను. తానెరిగిన పియానోతోనే ప్రయాణము చేయు ఆ భాగ్యము సామాన్యుడైన ట్యూనరునకు లేదు; ఆతనికి ప్రతి గడపయందును వాద్యము క్రొత్తదే.

దారిలో గడచిన దినమునకు కూలి ఇచ్చువారు అరుదు. రెండవమారు రమ్మనువారు మరియు అరుదు. ఒక ఊరిలోని చర్చి, పాఠశాల, రెండు మూడు గృహములు కూడబలుకుకొని ఒకే వారమున ట్యూనరును పిలిపించినచో, సోమవారము మొదలు అన్నింటను మోటుగా శ్రుతి నెత్తి, వారాంతమునకు మొదటి పియానో కడకు మరల వచ్చి జారినంత మేర దిద్దవచ్చును. రైలు చార్జీయు బసయు అందరు పంచుకొనవచ్చును. పియానో మూత తెరచి లోపలి తీగెల ఛాయాచిత్రము నొకటి ముందుగ పంపినచో, ఏ చుట్టలు, ఏ బిరడలు పెట్టెలో పెట్టుకొనవలెనో బయలుదేరకముందే ఆతనికి తెలియును.