నవాబు తోటలో ఫిరంగులు

కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. అది పాత కోటలో మిగిలిన ముక్క. ఆ కోటలో ఒకప్పుడు దొంగచాటుగా ఆయుధాలు తయారయ్యాయి.

1800లో నిజాం నవాబు కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. కర్నూలులో మాత్రం కర్నూలు నవాబే ఉన్నాడు. కంపెనీకి ఏటా లక్ష రూపాయల కప్పం కట్టేవాడు. తుంగభద్ర అవతల నిజాం రాజ్యం. ఇవతల కంపెనీ రాజ్యం. మధ్యలో సరిహద్దు సీమ కర్నూలు.

చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. ఆయన యుద్ధానికి సిద్ధమవుతున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. 1839 అక్టోబరులో సైన్యం వచ్చింది. కోటను సోదా చేసింది. జనానా తోటల్లో ఫిరంగులు పోతపోసే కొలుములు బయటపడ్డాయి. ఫిరంగులు, గుండ్లు, మందుగుండు కుప్పలుగా దొరికాయి. జనానా అంటే రాణివాసం. పరాయి మగవాడు అడుగుపెట్టని చోటు. అందుకే అక్కడ దాచి ఉంటారు.

ఫిరంగి చేయడమంటే మాటలా? కంచు ఫిరంగికి రాగి, తగరం కావాలి. కంచు చెంబుకు శేరు లోహం చాలు. ఫిరంగికి మణుగులకొద్దీ కావాలి. మందుగుండుకు సూరేకారం, గంధకం, బొగ్గు కావాలి. సూరేకారం ఎక్కడిది? పాతగోడల మట్టిలో, పశువుల దొడ్డి మట్టిలో ఉంటుంది. ఆ మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచేవారు. పోతపనివాళ్ళకు కూలి ఇవ్వాలి. అరబ్బు, పఠాను సిపాయిలకు జీతాలివ్వాలి.

ఇంత డబ్బు ఎక్కడిది? రైతులు కట్టిన భూమిశిస్తే. జొన్నా, కొర్రా పండే మెట్టనేల మనది. వాన రాకుంటే పంట లేదు. అలాంటి నేల మీద శిస్తు అది. ఆ డబ్బు ఏమవుతోందో కట్టినవాళ్ళకు ఎవరు చెప్పారు?

కోటలో ఫిరంగులు పేలనే లేదు. అలాగే కంపెనీ చేతికి చిక్కాయి. అక్టోబరు 18న ఊరి పక్క జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. ఆయన్ను తిరుచినాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ వశమైంది. రైతుకు శిస్తు మాత్రం తప్పలేదు. ఇప్పుడది కంపెనీ ఖజానాకు పోయింది.

నేటికీ కర్నూలు దగ్గర ఆయుధాల పని సాగుతోంది. ఓర్వకల్లు ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వపు పరీక్షల మైదానం ఉంది. ఎగిరే డ్రోనును లేజరు కాంతితో కూల్చే ఆయుధాన్ని 2025 ఏప్రిల్‌లో అక్కడ పరీక్షించారు. ఈ ఖర్చూ జనం పన్నులదే. సబ్బు కొన్నా అందులో పన్ను ఉంటుంది. కానీ ఇప్పుడు దేశరక్షణకు ఎంత ఖర్చో పార్లమెంటులో చెప్పాలి. 2025-26 సంవత్సరానికి 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలని చెప్పారు. ఆ లెక్క పేపర్లలో కూడా అచ్చయింది.