శనిని నిలబెట్టిన చిన్న మోటారు

హోసూరు దగ్గరి మా తెలుగు మాధ్యమం బడిలో ఆకాశం చూపించే రాత్రి అంటే పిల్లలతో పాటు వాళ్ల అమ్మలూ తాతలూ వచ్చేస్తారు. పోయినసారి శనిగ్రహం చూపించాం. అందరూ "కనిపించింది సార్" అన్నారు. మరునాడు చూసింది బొమ్మ గీయమంటే సగం కాగితాల మీద ఉత్త గుండ్రమే ఉంది, వలయం లేదు. కొందరైతే పుస్తకంలోని బొమ్మను దించేశారు. అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు, వరుసలో వెనక నిలబడ్డవాళ్లు చీకటిని చూసి వెళ్లారని.

లెక్క వేస్తే తప్పు పిల్లలది కాదని తేలింది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు, అంటే నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది. 150 రెట్లు పెద్దది చేసే మా ఐపీసులో కనిపించేది ఆకాశంలో డిగ్రీలో మూడో వంతు. ఈ చివర కనిపించిన శని ఆ చివర దాటడానికి 80 సెకన్లు చాలు. స్టూలెక్కి, ఒక కన్ను మూసి, చూపు కుదుర్చుకోవడానికి ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుంది. మూడో పిల్లవాడి వంతు వచ్చేసరికి గ్రహం అంచుకు చేరిపోతుంది. మధ్యమధ్య మేము పిడి తిప్పి సరిచేసినా టెలిస్కోపు ఊగేది.

అందుకే మోటారు బిగించాలనుకున్నాం. మా స్టాండుకు రెండు ఇరుసులున్నాయి. అందులో ఒకటి భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరిగే వేగంతోనే ఈ ఇరుసు ఎదురు దిశలో తిరిగితే నక్షత్రం కదలనట్టే ఉంటుంది. మోటారు పని అంతే.

ఇరుసు వాలు ఊరి అక్షాంశంతో సమానం. మాకు సుమారు 12 ముప్పావు డిగ్రీలు. పుస్తకాల్లోని బొమ్మలు 40, 50 డిగ్రీల దేశాలవి కాబట్టి వాటిలో ఇరుసు నిటారుగా కనిపిస్తుంది, మాది దాదాపు పడుకునే ఉంటుంది. దాంతో మొదటి చిక్కు వచ్చింది: బరువు దిమ్మె స్టాండు కాలికి తగిలేది. ఇంకో దిమ్మె కలిపి, రెండింటినీ కడ్డీ పైకి జరిపి తూకం సరిచేశాం. తూకం కుదరకుండా మోటారు బిగిస్తే అది ఈడ్వలేక ఆగిపోతుంది.

జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపు ఉంది. దాని ఇరుసు వాలు కూడా ఇంచుమించు ఇంతే. దానికి పేరు పెట్టింది వేణు బాప్పు జ్ఞాపకంగా. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు, ఆయన చదువు కూడా ఆ ఊళ్లోనే సాగింది.

ఇరుసును తిప్పేది 144 పళ్ల చక్రం. దాన్ని కొరుక్కుని ఒక మరకడ్డీ ఉంటుంది. కడ్డీ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను జరుగుతుంది. నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. దాన్ని 144తో భాగించమని ఎనిమిదో తరగతికి ఇచ్చాం. 9 నిమిషాల 58 సెకన్లు వచ్చింది. కాబట్టి మోటారు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రాత్రి దాకా ఆగనక్కర్లేదు. కడ్డీ మీద మార్కరుతో గీత పెట్టి, పట్టపగలు తరగతి గదిలోనే గడియారం పట్టుకుని చూసుకోవచ్చు.

చేతిపిడి ఊడదీసి, మోటారును ఒక్క బోల్టుతో బిగించాం. పళ్ల చక్రాలు రెండూ మరీ ఒత్తుకోకుండా మధ్యలో కాగితం ముక్క పెట్టి, బిగించాక లాగేశాం. ఈ ఉపాయం చెప్పింది సిప్‌కాట్‌లో లేత్ పని చేసే ఒక పిల్లవాడి నాన్న. "బిగిస్తే తిరగదు సార్, వదిలితే ఆడుతుంది. మేము దాన్నే ప్లే అంటాం" అన్నాడాయన. ఇంగ్లిషు కాగితంలో మూడు పేరాలున్న సంగతి అది.

తప్పులూ చేశాం. చిన్న మరను కడ్డీ చదునుగా ఉన్న వైపు కాకుండా గుండ్రటి వైపు బిగించాం. మోటారు తిరిగింది, కడ్డీ తిరగలేదు. మొదటి రాత్రి ఇంకా వింత. శని ఎప్పటికన్నా వేగంగా, 40 సెకన్లలోనే దాటిపోయింది. చూస్తే ఉత్తరం, దక్షిణం మీట దక్షిణార్ధగోళం వైపు ఉంది. మోటారు ఎదురు తిరుగుతూ వేగాన్ని రెట్టింపు చేసింది.

ఇరుసును ఉత్తరానికి తిప్పడం మరో కష్టం. ఇక్కడ ధ్రువ నక్షత్రం నేలకు సుమారు 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మాకు నీళ్ల ట్యాంకు అడ్డం. అందుకని దక్షిణం వైపు, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని పట్టుకుని మోటారు నడిపాం. అది దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువ తిరిగిందని, ఉత్తరానికి జారితే పడమరకు తిరిగిందని గుర్తు. కొంచెం జరపడం, ఐదు నిమిషాలు ఆగడం. పెద్దవాళ్లకే విసుగొచ్చింది. ఏడో తరగతి ఆడపిల్లలిద్దరు మాత్రం చివరిదాకా కదల్లేదు.

ఈసారి శని ఇరవై నిమిషాలు ఐపీసులోనే నిలిచింది. బొమ్మల్లో వలయం వచ్చింది. ఒక కాగితం మీద గ్రహం పక్కన చిన్న చుక్క కూడా ఉంది. ఏమిటని అడిగితే "తెలీదు సార్, అక్కడే ఉండింది" అన్నాడు. శని చందమామ టైటాన్ అయ్యుండాలి. అది ఒక చుట్టు రావడానికి 16 రోజులు పడుతుంది. అదే అయితే వచ్చే వారానికి గ్రహానికి అటువైపు కనిపించాలి. వాడు అదే కాగితం తెస్తానన్నాడు.