నెలలు నిండని బిడ్డకు వెచ్చని సంచి

నెలలు నిండకముందే పుట్టిన శిశువు దేహంలో కొవ్వు తక్కువ. అందుచేత తన వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే ప్రాణానికే ముప్పు. ఇంక్యుబేటర్ ఖరీదైనది; పైగా దానికి నిరంతరం కరెంటు కావాలి.

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు చవకైన ఇంక్యుబేటర్ రూపొందించే పని అప్పగించారు. వారిలో ఒకరు నేపాల్ వెళ్లి చూడగా, పట్టణపు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా కనిపించాయి. ఆపదలో ఉన్న బిడ్డలు దూరపు పల్లెల్లో ఉన్నారు. కనుక పల్లెకు మోసుకుపోగల సాధనమే కావాలని వారు గ్రహించారు.

అలా పుట్టినదే 'ఎంబ్రేస్' సంచి. జేన్ చెన్, రాహుల్ పణిక్కర్ బెంగళూరుకు తరలివచ్చి దానిని తీర్చిదిద్దారు; 2011లో అది మన దేశంలో విడుదలైంది. అందులోని మైనం వంటి పదార్థాన్ని కరిగించి అమర్చితే, అది మెల్లగా గడ్డకడుతూ కొన్ని గంటలపాటు 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనాన్ని నిలుపుతుంది.

గమనింపదగిన విశేషం మరొకటి ఉంది. మందు ఘాటెక్కువని భయపడి సగం మోతాదే వేసే తల్లులు, ఈ వేడినీ అలాగే తగ్గించవచ్చునని పరీక్షల్లో తెలిసింది. అందుకే అంకెలు తీసివేసి, వేడి సరిపోయిందో లేదో తెలిపే గుర్తు మాత్రమే ఉంచారు.

బిడ్డను తల్లి ఎదకు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణకు ఏదీ సాటిరాదు. అది వీలుపడని వేళ ఇటువంటి సంచి ఆసరా అవుతుంది.